ఖాళీ ఇళ్లను చలికాలం దాటించడం: మిషిగన్ నుంచి పని డైరీ

అక్టోబర్ మొదటి వారం

బ్యాంకుల తరఫున ఖాళీ ఇళ్లు చూసుకునే కంపెనీ నుంచి ఈ సీజన్ మొదటి జాబితా వచ్చింది. డెట్రాయిట్ నగరంలో కొన్ని ఇళ్లు, రెడ్‌ఫర్డ్, లివోనియా, హైలండ్ పార్క్ వైపు కొన్ని, దూరంగా మన్రో కౌంటీలో ఒకటి. అన్నీ అప్పు తీర్చలేక బ్యాంకు చేతికి పోయిన ఇళ్లే. ఇప్పుడు వాటిలో ఎవరూ లేరు. చలి ముదిరేలోపు నీళ్లన్నీ తీసేసి, ఆ ఇళ్లు వసంతం దాకా పాడవకుండా చూడటం మా పని. నేనూ, మా బావమరిదీ, మాకు ఈ పని నేర్పిన పెద్దాయనా కలిసి చేస్తాం. ఆయన డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన ప్లంబర్. బాయిలర్ (ఇంటిని వేడిచేయడానికి నీళ్లు కాచే యంత్రం) ఉన్న ఇంటికి ఆయన లేకుండా మేం వెళ్లం.

ఈ పని అక్టోబర్‌లో ఒక్కసారిగా మీద పడటానికి కారణం ఉంది. మిషిగన్‌లో బాకీ పడ్డ ఇంటిని షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) వేలం వేశాక కూడా పాత యజమానికి మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. ఆలోపు డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు, అప్పటిదాకా అందులోనే ఉండొచ్చు. వసంతంలో వేలమైన ఇంటికి ఆ గడువు సరిగ్గా చలి మొదలయ్యే ముందు తీరిపోతుంది. వాళ్లు ఖాళీ చేస్తారు, కరెంటు, గ్యాస్ బిల్లులు ఆగిపోతాయి, కొన్ని వారాల్లో మంచు పడుతుంది. ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి అప్పులకు బీమా ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) బీమా ఉన్న అప్పుల ఇళ్లకు చాలా రాష్ట్రాల్లో వింటరైజేషన్, అంటే ఇంటిని చలికి సిద్ధం చేసే కాలం, అక్టోబర్ 1 నుంచి మార్చి 31. మిగతా బ్యాంకులు కూడా దాదాపు ఇదే లెక్కలో నడుస్తాయి.

నేను ఒంగోలు దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. పైపులో నీళ్లు ఉండటమే ఇంటికి ప్రమాదమన్న సంగతి ఇక్కడికొచ్చాకే తెలిసింది. నీరు గడ్డకడితే ఘనపరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. చాలామంది అనుకున్నట్టు పైపు ఎప్పుడూ మంచు కట్టిన చోటే పగలదు. మంచు గడ్డ ఒక పక్క, మూసి ఉన్న కుళాయి మరో పక్క, మధ్యలో ఇంకా గడ్డకట్టని నీళ్లు ఇరుక్కుంటాయి. గడ్డ పెరిగే కొద్దీ ఆ నీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. పైపు బలహీనంగా ఉన్నచోట చీలుతుంది. చీలిన సంగతి అప్పుడు తెలియదు. ఎండ కాసి మంచు కరిగిన రోజు, పైపులో సరఫరా ఉంటే, నీళ్లు గోడలోంచి కారుతూనే ఉంటాయి. ఆపడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.

అక్టోబర్ రెండో వారం, రెడ్‌ఫర్డ్

చిన్న ఇటుక ఇల్లు, కింద బేస్‌మెంట్, వేడిగాలి ఫర్నేస్. మా భాషలో ఇది డ్రై సిస్టమ్. అంటే వేడిచేసే ఏర్పాటులో నీళ్లుండవు, కుళాయిల నీళ్లు తీస్తే చాలు. సీజన్‌కు మంచి మొదలు.

బేస్‌మెంట్‌లో ఒక సంగతి చూసి కాసేపు ఆగిపోయాను. ప్రతి వాల్వ్ మీదా మాస్కింగ్ టేపు ముక్క అంటించి, పెన్నుతో శ్రద్ధగా రాసి ఉంది: వంటగది, మేడమీది బాత్రూమ్, ముందు తోట కుళాయి, వెనక కుళాయి. తోట కుళాయిల టేపు మీద ‘థాంక్స్‌గివింగ్ లోపు కట్టెయ్యాలి’ అని కూడా ఉంది, అంటే నవంబర్ చివర్లో వచ్చే పండగలోపు. ఈ ఇంటిని చూసుకున్న మనిషెవరో నాకు తెలియదు. ఎందుకు వదిలి వెళ్లాల్సి వచ్చిందో జాబితాలో రాయరు. కానీ ఆ రాతవల్ల మాకు పని బాగా కలిసొచ్చింది. తోట కుళాయికి పోయే పైపు బేస్‌మెంట్ సీలింగ్ వెనక దాగి ఉంటుంది. దాని లోపలి వాల్వ్ ఎక్కడుందో వెతకడానికే మామూలుగా చాలాసేపు పడుతుంది.

వరుస ఎప్పుడూ ఒకటే. ముందు మీటరు దగ్గర మెయిన్ వాల్వ్ కట్టేస్తాం. వీధిలోని కర్బ్ వాల్వ్ మూసే అధికారం వాటర్ డిపార్ట్‌మెంటుది, మేం దాన్ని ముట్టుకోం. తర్వాత వాటర్ హీటర్‌కు గ్యాస్ ఆపాలి, కరెంటుదైతే బ్రేకర్ దించాలి. ఇది మర్చిపోయి ట్యాంకు ఖాళీ చేస్తే హీటర్ కాలిపోతుంది, కాబట్టి ఆ గ్యాస్ వాల్వ్ ఒకరు మూస్తారు, ఇంకొకరు చూస్తారు. తర్వాత మేడమీది నుంచి కిందికి కుళాయిలన్నీ తెరవాలి, వేడిదీ చల్లదీ. హీటర్‌కు గొట్టం తగిలించి బేస్‌మెంట్ నేలలోని డ్రైన్‌లోకి వదలాలి. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న సున్నం వల్ల ఈ వాల్వ్ తరచూ మూసుకుపోతుంది. అప్పుడు గొట్టం వైపు నుంచి కొంచెం గాలి వెనక్కి కొడితే అడ్డం తొలగుతుంది.

నీళ్లు కారడం ఆగిందంటే పైపులు ఖాళీ అయినట్టు కాదు. వంపుల దగ్గర, కిందికి జారిన పైపుల్లో, షవర్ వాల్వ్ లోపల నిలిచే ఉంటాయి. వాషింగ్ మెషీన్ కుళాయికి గాలి కొట్టే కంప్రెసర్ తగిలించి ఒక్కో కుళాయే తెరుస్తూ ఊదాలి. రెండు తెరిస్తే గాలి తేలిక దారి చూసుకుంటుంది, రెండోదాంట్లో నీళ్లు అలాగే ఉండిపోతాయి. మొదట నీళ్లు చిమ్ముతాయి, తర్వాత తుంపర, చివరికి పొడి గాలి. ఆ పొడి గాలి చప్పుడు వినేదాకా కదలకూడదని మా పెద్దాయన మాట.

ఆ తర్వాత అన్నీ మూసి, గాలి ఒత్తిడి 35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఎక్కించి, ఒత్తిడి చూపే గేజ్ చూస్తూ అరగంట ఆగాం. ముల్లు కదల్లేదు. ఎక్కడా లీకు లేదు.

అక్టోబర్ చివర, డెట్రాయిట్ పడమటి వైపు

ఇవాళ్టి ఇల్లు బయటి నుంచి చూస్తే బాగానే ఉంది. తలుపు దగ్గర తాళంచెవి ఉంచే లాక్‌బాక్స్ తీసి లోపలికి వెళ్లాం. కంప్రెసర్ పెట్టాడు మా బావమరిది.

“బావా, గేజ్ పది కూడా ఎక్కట్లేదు.”

“ఆపెయ్. చప్పుడు ఎక్కణ్ణుంచో విను.”

గోడ వెనక బుస్సుమని గాలి పోతోంది. బాత్రూమ్ తొట్టి వెనకున్న చిన్న తలుపు తీస్తే రాగి పైపులు లేవు. రంపంతో కోసి లాక్కుపోయారు. పాత ఇనుముకొట్టులో రాగికి మంచి ధర వస్తుంది కాబట్టి ఖాళీ ఇళ్లకు ఈ బెడద ఎక్కువ. కోసుకుపోయినవాడికి ఓ పూట ఖర్చులకు డబ్బులొస్తాయి. ఇంటికి తగిలే దెబ్బ దానికి ఎన్నో రెట్లు, కొత్తగా పైపులు వేయాలంటే గోడలు పగలగొట్టాలి.

ఇలాంటప్పుడు ఫారంలో ‘పరీక్ష నిలవలేదు’ అని రాసి, కోసిన చోటు ఫోటోలు తీసి, మిగిలిన పైపుల్లో నీళ్లు విడివిడిగా ఊది, మెయిన్ వాల్వ్‌కు సీలు వేసి వస్తాం. ఆ మాట రాయడం చాలా ముఖ్యం. ఎందుకంటే మార్చిలోనో ఏప్రిల్లోనో ఎవరో వచ్చి ఇల్లు చూడ్డానికని ధైర్యంగా వాల్వ్ తిప్పుతారు. నీళ్లు నేరుగా కోసిన పైపులోంచి గోడలోకి పోతాయి.

2008 ఇంటి అప్పుల సంక్షోభం తర్వాతి ఏళ్లలో ఈ వీధులు ఎలా ఉండేవో పెద్దాయన చెబుతూ ఉంటారు. వేన్ కౌంటీ పన్నుల వేలంలో రెండో విడతకు మిగిలిన ఇళ్లు 500 డాలర్ల నుంచి మొదలయ్యేవి. నగరం 2013 జులైలో దివాలా పిటిషన్ వేసింది. ఒక ఇంట్లో పైపు పగిలి బేస్‌మెంట్ నిండేది, దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, వేసవికల్లా గోడలకు బూజు. తర్వాత పక్కింటివాళ్లు వెళ్లిపోయేవాళ్లు. ఒక వీధి ఖాళీ కావడంలో చలికాలం వంతు ఎంతుందో ఆయన మాటల్లో వింటే అర్థమవుతుంది. ఆ వీధుల్లోనే ఇప్పుడు కొన్ని ఇళ్లకు కొత్త కిటికీలు కనిపిస్తున్నాయి. అవి ఈలోపు పాడవకుండా నిలబడ్డాయి కాబట్టే ఎవరైనా కొనగలిగారు.

నవంబర్ మొదట్లో, హైలండ్ పార్క్

ఈ సీజన్‌లో అసలైన పని ఇదే. 1920ల నాటి రెండంతస్తుల ఇల్లు. బేస్‌మెంట్‌లో బాయిలర్, ప్రతి గదిలో గదిని వేడిచేసే పోత ఇనుము రేడియేటర్లు.

ముందు తేల్చుకోవాల్సింది ఇది ఆవిరిదా, వేడినీళ్లదా అని. ఆవిరి బాయిలర్‌కు నీటిమట్టం చూపించే గాజు గొట్టం ఉంటుంది. రేడియేటర్లలో దాదాపు నీళ్లుండవు, బాయిలరూ, వెనక్కి వచ్చే కింది పైపులూ ఖాళీ చేస్తే చాలావరకు సరిపోతుంది. వేడినీళ్ల బాయిలర్ అలా కాదు. కింది నుంచి పై అంతస్తు దాకా ప్రతి రేడియేటర్, ప్రతి పైపు అంచుదాకా నిండి ఉంటుంది. ఇది వేడినీళ్లదే. బేస్‌మెంట్ సీలింగ్ దూలాల మధ్య పాతకాలపు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి పెరిగే నీళ్లకు చోటిచ్చేది) వేలాడుతోంది. అది కూడా ఖాళీ చెయ్యాలి. చాలామంది పైకి చూడరు.

బాయిలర్‌లోకి నీళ్లు నింపే వాల్వ్ కట్టేసి, కింద డ్రైన్ తెరిచాం. కాసేపు నల్లటి నీళ్లు, ఇనుము వాసన. తర్వాత ధార ఆగిపోయింది. నీళ్లు అయిపోయాయని కాదు. పైన గాలి లోపలికి వెళ్లే దారి లేకపోతే నీళ్లు కిందికి దిగవు. పై అంతస్తులో ఒక్కో రేడియేటర్ పక్కనున్న చిన్న బ్లీడర్‌ను (గాలి పోవడానికి, రావడానికి ఉండే చిన్న వాల్వ్) దాని చెవితో తిప్పుకుంటూ వచ్చాం. గాలి లోపలికి పీల్చుకునే చప్పుడు వచ్చింది, కింద ధార మళ్లీ మొదలైంది. ఒక గదిలో బ్లీడర్ రంగు కింద పూడిపోయి ఉంది. ఎన్నో సార్లు రంగు వేశారు దాని మీద. పెద్దాయన చిన్న కత్తితో గీకి, నూనె వేసి, కూర్చుని మెల్లగా కదిలించారు. బలవంతం చేస్తే విరిగిపోతుంది, విరిగితే ఆ రేడియేటర్ వృథా.

ధార ఆగాక కూడా రేడియేటర్ అడుగున కొన్ని నీళ్లుంటాయి. పోత ఇనుము సాగదు. లోపల కొంచెం నీళ్లు గడ్డకట్టినా అడుగు భాగం పగులుతుంది, దానికి అతుకు ఉండదు. అందుకే బాయిలర్ వైపు నుంచి కంప్రెసర్ పెట్టి ఒక్కో రేడియేటర్‌కు వేరుగా గాలి కొట్టాం. ఉత్తరం వైపు గదిలోదానికి అప్పటికీ గలగల చప్పుడు వస్తుంటే, పైపును కలిపే యూనియన్ నట్టు వదులు చేసి, కింద పళ్లెం పెట్టి మిగిలింది దించాం.

పైపుల మీద అక్కడక్కడా తెల్లటి గుడ్డలాంటి చుట్టు ఉంది. ఆ వయసు ఇంట్లో అది ఆస్బెస్టాస్ (దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని) అయి ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ముట్టుకోం, కోయం. ఫోటో తీసి నివేదికలో రాస్తాం. దాని మీదుగా గొట్టం లాగొద్దని మా బావమరిదికి రెండు సార్లు చెప్పాను. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు నేను మొట్టమొదట నేర్పేది ఇదే.

రాత్రి ఇంటికొచ్చేసరికి చేతులు నల్లగా ఉన్నాయి. ఒక పాత వాల్వ్ కాడ దగ్గర గ్లాండు (నీళ్లు కారకుండా లోపల ప్యాకింగ్ ఉండే బిగింపు) వదులై చెమ్మ కనిపించింది. ఇప్పుడు నీళ్లు లేవు కాబట్టి ప్రమాదం లేదు, కానీ మళ్లీ నింపే ముందు ప్యాకింగ్ మార్చాలని ట్యాగ్ కట్టి వచ్చాను.

నవంబర్ మధ్యలో, లివోనియా

ఇవాళ ఇంట్లో సంప్ పంపు ఉంది. బేస్‌మెంట్ మూలలో గుంట, అందులో భూగర్భజలం ఊరుతుంది, పంపు దాన్ని బయటికి తోస్తుంది. ఇలాంటి ఇంటికి నీళ్లు, గ్యాస్ ఆపినా కరెంటు ఆపకూడదు. కరెంటు కట్టేస్తే పైపులు భద్రమే, బేస్‌మెంట్ మాత్రం మంచు కరిగే మార్చిలో చెరువవుతుంది. మిగతా సర్క్యూట్ల బ్రేకర్లు దించి, పంపుది ఒక్కటే ఉంచి, ప్యానెల్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. పంపు నుంచి బయటికి పోయే గొట్టం చివర ఇంటికి దూరంగా, కిందికి వాలుగా ఉందో లేదో కూడా చూడాలి, లేకపోతే అక్కడ మంచు కట్టి వెనక్కి తన్నుతుంది.

గులాబీ రంగు యాంటీఫ్రీజ్ గురించి ఇవాళ్టికైనా వివరంగా రాసిపెట్టాలి, దీని మీద అపోహలు ఎక్కువ. యాంటీఫ్రీజ్ అంటే గడ్డకట్టకుండా ఆపే ద్రవం. మేం వాడేది ఆర్‌వీ (ఇల్లులాంటి ప్రయాణ వాహనం) యాంటీఫ్రీజ్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసింది. కారు ఇంజిన్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, అది ఇంటి డ్రైన్లలో పోయనే పోయకూడదు. గులాబీ ద్రవం పని, సింకుల కింద వంకర పైపుల్లో, కమోడ్‌లో, నేల డ్రైన్‌లో నిలిచి ఉండే కొద్దిపాటి నీటిని కాపాడటం. ఆ నీళ్లు పూర్తిగా తీసేస్తే మురుగు వాయువు ఇంట్లోకి వస్తుంది, ఉంచితే పింగాణీ పగులుతుంది. అందుకే ఆ నీళ్ల స్థానంలో ఇది పోస్తాం. డబ్బా మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని ఉంటుంది. అది పైపు పగలకుండా ఉండే హద్దు. అంతకన్నా చాలా ముందే అది మెత్తటి మంచు ముద్దలా మారుతుంది. పైగా ట్రాపులో (సింకు కింది వంకర పైపులో) పాత నీళ్లుండగా కాస్త పోసి వచ్చేస్తే పలచబడి బలం పోతుంది. కమోడ్ ట్యాంకు స్పాంజితో తుడిచి, గిన్నెలో నీళ్లు తోసేసి, ఆ తర్వాతే పోయాలి. డిష్‌వాషర్ అడుగున, వాషింగ్ మెషీన్ పంపులో, ఫ్రిజ్ ఐస్ మేకర్ గొట్టంలో కూడా నీళ్లుంటాయి.

ఈ పనిలో నాకున్న పెద్ద బాధ ఇదే. కంపెనీలకు ఫోటో కావాలి. కమోడ్‌లో గులాబీ నీళ్లు, మీద నీలం టేపు, ‘వాడొద్దు’ అన్న స్టిక్కర్. ఇవి ఫోటోలో చక్కగా కనిపిస్తాయి. గోడలో పైపు పొడిగా ఉందో లేదో ఫోటోలో కనిపించదు. డబ్బులు ఇంటికింత అని ఇస్తారు కాబట్టి, తొందరపడి పోసి, టేపు వేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్ల తర్వాత వెళ్లిన ఇళ్లు చూశాను. రంగు సక్రమంగా ఉంది, మేడమీది షవర్ వాల్వ్ చీలి ఉంది. నా వరకు ఇంటిని కాపాడేది గాలి, గేజ్ మీద కదలని ముల్లు. యాంటీఫ్రీజ్ ఆ తర్వాతి మాట. అందుకే మేం మొదలుపెట్టినప్పుడు గేజ్, అరగంట తర్వాత గేజ్, రెండూ గడియారంతో సహా ఫోటో తీసి పంపుతాం, ఎవరూ అడగకపోయినా.

డిసెంబర్ మొదట్లో, మన్రో కౌంటీ

బావి నీళ్ల ఇల్లు. పని తక్కువే. పంపు బ్రేకర్ దించి, ప్రెషర్ ట్యాంకు ఖాళీ చేసి, పైపులు ఊదేశాం. గాలి బాగా వీస్తోంది, రోడ్డు మీద మంచు గట్టిపడుతోంది, చీకటి పడకముందే బయల్దేరాం.

దారిలో ఫోన్లో ఒక స్నేహితుడు అడిగాడు, సంక్రాంతికి ఊరెళుతున్నాం, ఇంటికి ఏం చెయ్యాలని. డెట్రాయిట్ చుట్టుపక్కల కాంటన్‌లో, నోవైలో, ట్రాయ్‌లో ఈ నెల తాళాలు పడే తెలుగు ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. హీటింగ్ పూర్తిగా ఆపొద్దు, 55 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. మెయిన్ వాల్వ్ కట్టేసి, అన్నిటికన్నా కింది కుళాయి ఒకటి తెరిచి నీళ్లు దించండి. తోట గొట్టాలు విప్పెయ్యండి, బిగించి ఉంచితే మంచు కట్టకుండా చేసిన కుళాయి కూడా పగులుతుంది. పక్కవాళ్లకు తాళం ఇచ్చి వారానికోసారి లోపల చూడమనండి. ఇంటి బీమా పత్రంలో గడ్డకట్టే నష్టం గురించి ఏం రాశారో చదవండి. వేడి ఉంచడమో, నీళ్లు తీసెయ్యడమో మీరు చేసి ఉండాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. ఫర్నేస్ ఆగిపోతే ఫోన్‌కు సందేశం వచ్చే థర్మోస్టాట్ పెట్టుకుంటే ఒంగోల్లో కూర్చున్నా టెన్షన్ ఉండదు.

జనవరి రెండో సగం

నాలుగు రోజులుగా సున్నా ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉంది, అంటే మైనస్ 18 సెల్సియస్. ఇలాంటి చలి వచ్చినప్పుడల్లా ఇక్కడివాళ్లు 2019 జనవరి చివరి రోజులు తలుచుకుంటారు. డెట్రాయిట్‌లో మైనస్ 25 సెల్సియస్ దాకా పడింది. ఆ చలిలోనే మకోంబ్ కౌంటీలో ఒక గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచాయి. ఇళ్లలో వేడి 65 ఫారెన్‌హీట్‌కు తగ్గించమని అందరి ఫోన్లకూ ఒకేసారి సందేశం వచ్చింది. మనుషులున్న ఇళ్లకే అలా ఉంటే, ఖాళీ ఇళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు మేం చేసేది తనిఖీ. కిటికీలు, తాళాలు, వెనక తలుపు, సంప్ పంపు, మెయిన్ వాల్వ్ మీది సీలు. ఒక ఇంట్లో సీలు తెగి ఉంది. ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటో, కొనుగోలుదారో వాల్వ్ తిప్పి చూసి మళ్లీ కట్టేశారు. కట్టేశారు కాబట్టి సరిపోయింది అనుకోవడానికి లేదు, పైపుల్లోకి నీళ్లు చేరాయి. మళ్లీ మొదటి నుంచి ఊదాం. వంటగది పైపులోంచి మంచు పలుకులు కలిసిన నీళ్లు పడ్డాయి. ఆ రాత్రి వదిలేసి ఉంటే పగిలేదే. గాలి 35 దగ్గర నిలిచింది. బావమరిది ముఖంలో నవ్వు చూసి నాకూ సంతోషం వేసింది.

జనవరి చివర, రెడ్‌ఫర్డ్

ఇటుక ఇల్లు అమ్ముడుపోయేలా ఉంది. కొనేవాళ్లు ఎఫ్‌హెచ్‌ఏ అప్పు తీసుకుంటున్నారు, కాబట్టి నీళ్లు, గ్యాస్, కరెంటు అన్నీ నడుస్తూ ఉండగా అప్రైజర్ (ఇంటి విలువ కట్టే మనిషి) చూడాలి. ముందు గాలి పరీక్ష, అది నిలిచాకే నీళ్లు. వాల్వ్ పావు వంతు మాత్రం తెరిచి, మేడమీది కుళాయిలు తెరిచి ఉంచి, గాలి మెల్లగా బయటికి పోనివ్వాలి. హీటర్ పూర్తిగా నిండి వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చేదాకా బర్నర్ వెలిగించకూడదు. అన్నీ బాగున్నాయి, ఒక్క చుక్క కారలేదు.

కొనేవాళ్లు ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. పిల్లలు కుళాయి తిప్పి వేడినీళ్లలో చేతులు పెట్టుకున్నారు. ఇల్లు ఖాయమైతే ఏ గది ఎవరిదో అప్పుడే వాదించుకుంటున్నారు. ఆమె అడిగింది, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇలాగే వదిలెయ్యొచ్చా అని. వద్దని చెప్పాను. చాలా ఇళ్లు పాడయ్యేది ఇక్కడే: పరీక్ష కోసం నీళ్లు పెడతారు, తర్వాత కాగితాలు నాలుగు వారాలు ఆలస్యమవుతాయి, ఈలోపు గ్యాస్ కంపెనీ పాత పేరుతో ఉన్న కనెక్షన్ తీసేస్తుంది. సాయంత్రానికి మళ్లీ అంతా దించి, ఊది, గేజ్ చూసి, కొత్త సీలు వేశాం. తాళాలు చేతికొచ్చిన రోజు ఫోన్ చెయ్యమని చెప్పాను, నీళ్లు నింపడానికి మేమే వస్తాం.

హైలండ్ పార్క్ ఇల్లు ఇంకా ఎవరూ అడగలేదు. గ్లాండు ప్యాకింగ్ తాడు కొని వ్యాన్‌లో పెట్టాను. ఫిబ్రవరిలో ఆ రేడియేటర్ల అడుగులు టార్చిలైటుతో ఒక్కొక్కటీ చూడాలి, ముఖ్యంగా ఉత్తరం గదిది. మెయిన్ పక్కనున్న మీటరును తీసుకెళ్లమని వాటర్ డిపార్ట్‌మెంటుకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు, సోమవారం మళ్లీ ఫోన్ చెయ్యాలి. కంపెనీకి ఈ నెల గేజ్ ఫోటోలు పంపడం అయిపోయింది.